పన్నెండు పాయింట్ ఆరు

జూన్ 5, బుధవారం

పదకొండింటికి అన్నయ్య వచ్చాడు. జీపు వెనక తన కారవాన్, అదే ఆ చక్రాల ఇల్లు, తగిలించుకుని తెచ్చాడు. ఆవుల్ని అమ్మేశాక మా వెనక షెడ్డు ఖాళీగా ఉంది. ఇన్నాళ్లూ బండిని పెట్రోలు బంకు పక్క స్థలంలో పెట్టుకున్నాడట. అక్కడ ఏదో కడుతున్నారట, తీసేయమన్నారట. ఇవన్నీ ముందే ఫోన్ చేసి మా ఆవిడకి చెప్పాడు. నాకు కాదు.

వదిన పోయి పదకొండు నెలలు. ఆ తర్వాత మా ఇంటికి రావడం ఇదే. ఇంట్లోకి రాలేదు. షెడ్డు దగ్గరే నిలబడి మంచినీళ్లు తాగాడు. ఒక చక్రానికి నేను రాయి అడ్డం పెట్టాను. రెండోదానికి తను పెట్టుకున్నాడు. సోలార్ ప్యానెల్‌ని షెడ్డు బయట గోడకి ఆనించి, వైరు కారవాన్ కిటికీలోంచి లోపలికి పంపాడు. జాగ్రత్తలు రాసిన కాగితం ఒకటి తెచ్చాడు, నా చేతికి ఇవ్వలేదు. గోడకున్న మేకుకి గుచ్చి వెళ్లిపోయాడు.

జూన్ 6, గురువారం

కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను. పోతే మళ్లీ అడగలేను.

బ్యాటరీ రీడింగ్ పొద్దున ఆరింటికి, ఎండ తగలకముందు. 12.7 అంటే నిండు. 12.2 అంటే సగం. 11.8 కిందికి దిగి అలాగే ఉండిపోతే ఇక లేవదు. బ్యాటరీ మీద నడిచే గ్యాస్ లీకు అలారం ఆపొద్దు. కరెంటు చార్జరు పెట్టొద్దు. ఎండ ఎంత ఇస్తే అంత.

ఈ రోజు 12.7. మీటరు తనదే, కారవాన్ డ్రాయర్లో పెట్టి వెళ్లాడు.

ఈ పుస్తకం పాలకేంద్రం వాళ్లు పారేసిన రిజిస్టరు. వోల్టేజీ రాయడానికి వేరే గడి లేదు. వెన్న శాతం గడిలో రాస్తున్నాను.

జూన్ 7, శుక్రవారం

12.7.

అసలు సంగతి మా ఆవిడ ఈ రోజు చెప్పింది. కారవాన్‌ని ఏం చేయాలో బావగారు తేల్చుకోలేకపోతున్నారట. ఉంచుకోలేరు, అమ్మలేరు. అందుకని ఆ పని బ్యాటరీకి అప్పగించారట. బ్యాటరీ బతికున్నన్నాళ్లూ బండి ఉంటుంది. అది పోయిన రోజున తుక్కువాడికి ఫోన్ చేస్తారట. తుక్కువాడి నంబరు కూడా తీసి పెట్టుకున్నారట.

ఇదేం లెక్క అన్నాను. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే లెక్క, నోరు తెరవాల్సిన చోట ఏదో ఒక వస్తువుని అడ్డం పెడతారు అంది.

కొత్త బ్యాటరీ తెచ్చి మార్చేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకుని మూత తీసి చూశాను. తెలుస్తుంది. బిగించిన తేదీ దాని మీద వదిన గోళ్ల రంగుతో రాసింది. ఎర్ర రంగు. గుండ్రటి అక్షరాలు.

జూన్ 9, ఆదివారం

పది గంటలకి ఫోన్ మోగింది. అన్నయ్యే. ఎంత అన్నాడు. పన్నెండు పాయింట్ ఏడు అన్నాను. ఎన్నింటికి చూశావు అన్నాడు. ఆరింటికి అన్నాను. సరే అని పెట్టేశాడు.

పదకొండు నెలల్లో నాతో మాట్లాడిన మొదటి మాటలు ఇవి. లెక్కపెడితే నాలుగైదు.

జూన్ 11, మంగళవారం

12.7.

ప్యానెల్ మీద దుమ్ము. పిచ్చుకల రెట్ట కూడా. పాలకేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసినవాడిని. మురికి చూస్తే చేయి ఊరుకోదు. వేడినీళ్లలో సోడా పొడి కలిపి, క్యాన్లు తోమే బ్రష్షుతో తోమాను. అద్దంలా అయింది. ఇక రోజూ రీడింగ్ అయ్యాక ఇది ఒక పని.

జూన్ 16, ఆదివారం

12.7 అన్నాను. సరే అన్నాడు. మా ఆవిడ పక్కనే నిలబడి భోజనం చేశారా అని అడుగు అని సైగ చేసింది. నేను అడిగేలోపు పెట్టేశాడు.

జూన్ 19, బుధవారం

12.5. ఒక్కసారిగా ఎందుకు పడిందో అర్థం కాలేదు. టెర్మినళ్లు బిగించాను, వైరు చూశాను. మధ్యాహ్నం బయటికి వస్తే తెలిసింది. మా ఆవిడ బట్టల తాడు షెడ్డు వైపు మార్చింది. రెండు చీరలు, నా లుంగీ. నీడంతా ప్యానెల్ మీదే.

తాడు తీయమన్నాను. పెళ్లయిన కొత్తలో మా నాన్న పాలు వెనక్కి పంపావు, ఇప్పుడు నా చీరలు వెనక్కి పంపుతున్నావు అంది. ఆ పాల సంగతి నిజమే. లాక్టోమీటరు 24 చూపించింది, అంటే నీళ్లు కలిశాయి. 24 అని రాశాను. మామగారని 28 రాయలేదు. మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు కానీ, ఆ తర్వాత చుట్టుపక్కల ఎవరూ నా రీడింగ్‌ని కాదనలేదు. రెండు డెయిరీల మధ్య తగాదా వస్తే నన్ను పిలిచేవాళ్లు. నేను అంకె చెప్తే అక్కడితో అయిపోయేది.

తాడు మార్చాం.

జూన్ 23, ఆదివారం

12.6. అదే చెప్పాను.

జూన్ 28, శుక్రవారం

12.5. తాడు నీడ లేదు. చెట్టు నీడ లేదు. ఎండ బాగానే ఉంది. ప్యానెల్‌ని ఇంకొంచెం గట్టిగా తోమాను.

జూన్ 30, ఆదివారం

12.4 అన్నాను. ఫోన్‌లో వెనక లారీల చప్పుడు. టైర్ల షాపు మీద ఒక్క గదిలో ఉంటున్నాడు. తగ్గుతోందన్నమాట అన్నాడు. సర్దుకుంటుందిలే అన్నాను. దానికి నువ్వు చేసేదేముంది అని పెట్టేశాడు.

గొంతులో బాధ ఉంటే బాగుండేది. లేదు. బరువు దిగుతున్నవాడి గొంతులా ఉంది. అది నాకు నచ్చలేదు.

జూలై 5, శుక్రవారం

12.3. వాన మొదలైంది.

జూలై 7, ఆదివారం

12.2.

పన్నెండు పాయింట్ ఆరు అన్నాను.

జూలై 8, సోమవారం

నిన్న అబద్ధం చెప్పాను. గడిలో మాత్రం ఉన్నదే రాశాను. అలా రాసినంత మాత్రాన చెప్పింది నిజమైపోదు.

మా ఆవిడ విన్నది. కూర తరుగుతూ నా వైపు ఒకసారి చూసింది.

జూలై 14, ఆదివారం

వారమంతా వాన. 12.1. పన్నెండు పాయింట్ ఆరు అన్నాను. అక్కడ వాన లేదా అన్నాడు అన్నయ్య. అప్పుడప్పుడు ఎండ కాస్తోంది అన్నాను. సరే అన్నాడు.

జూలై 21, ఆదివారం

12.1. చెప్పింది 12.6.

ఈసారి మా ఆవిడ ఊరుకోలేదు. కరెంటు చార్జరు పెడితే గంటల్లో అయ్యే పని కదా అంది. వద్దని కాగితంలో రాశాడు అన్నాను. చార్జరు పెడితే తప్పట, అబద్ధం చెప్తే ఒప్పట, బాగుంది అంది. చార్జరు వద్దన్నది అన్నయ్య మాట, అబద్ధం నా సొంతం అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది.

జూలై 24, బుధవారం

బ్యాటరీ షాపతన్ని పిలిపించాను. అందరూ యాసిడ్ అంటారు. ఏ చొక్కా వేసినా దానికి చిల్లులే. మా ఆవిడ అతన్ని చూసి, ఇతనికి జల్లెడ కొనక్కర్లేదు, చొక్కా విప్పితే చాలు అంది. అతనూ నవ్వాడు.

బ్యాటరీ కొంచెం పాతదైనా ఫర్వాలేదన్నాడు. ఎండ కరెంటుని బ్యాటరీకి పంపే కంట్రోలరూ మంచిదే. తర్వాత బయటికి వెళ్లి ప్యానెల్ ముందు గొంతుక్కూర్చున్నాడు. వేలితో తడిమాడు. దీన్ని ఏం చేశారు అని అడిగాడు. రోజూ కడుగుతున్నాను అన్నాను. దేంతో అన్నాడు. చెప్పాను. బ్రష్షు చూపించమన్నాడు. చూపించాను.

అతను నవ్వలేదు. నవ్వితే బాగుండేది. దీని మీద ఉన్నది గాజు కాదండీ, ప్లాస్టిక్ పొర అన్నాడు. ఆరు వారాలు గీకి గీకి పొగమంచు పట్టినట్టు చేశారు, లోపలికి సగం వెలుగు కూడా దిగడం లేదు అన్నాడు. తడి గుడ్డతో తుడిస్తే సరిపోయేదట. అసలు తుడవకపోయినా వానే కడిగేదట.

తెల్లగా ఉంటే శుభ్రంగా ఉందనుకున్నాను.

యాసిడ్ వెళ్తూ అన్నాడు, ఎండాకాలమైతే ఎలాగో లాక్కొచ్చేది, ఈ వానల్లో కష్టం అని.

జూలై 25, గురువారం

12.0. తోమలేదు. ఆరున్నరకి చేతికి ఏం చేయాలో తోచలేదు. బ్రష్షుని అటక మీద పడేశాను.

జూలై 28, ఆదివారం

12.0. చెప్పింది 12.6. నాలుగో వారం. సరే అన్నాడు.

ఆగస్టు 1, గురువారం

ఈ పుస్తకాన్ని చదివేవాళ్లు లేరు. కాబట్టి రాస్తున్నాను.

అన్నయ్య మోటార్లు బాగుచేసేవాడు. ఏడేళ్ల కింద ఇల్లు అమ్మి ఈ కారవాన్ కొన్నాడు. ఎక్కడ పని ఉంటే అక్కడికి తీసుకెళ్లేవాడు. వదిన లోపల కుట్టుమిషన్ పెట్టుకుంది. ఎక్కడ ఆగితే అక్కడ జాకెట్లు కుట్టేది. సొంత ఇల్లు అమ్ముకుని సంచారమేమిటని నేను మొదటి రోజు నుంచీ సణిగాను. వాళ్లు నవ్వేవాళ్లు. వదిన మాత్రం వచ్చినప్పుడల్లా మా ఆవిడతో, ఇంట్లో ఉన్నన్నాళ్లూ కిటికీలోంచి ఒకటే గోడ చూశాను, ఇప్పుడు చూడు అనేది.

పోయిన ఏడాది జబ్బు చేసి ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులుండి పోయింది. తీసుకొచ్చి మా హాల్లో పడుకోబెట్టారు. జనం వస్తున్నారు, పోతున్నారు. అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడి అన్నాను.

"ఇంటిపట్టున ఉండుంటే వదిన బతికేది."

అందరూ విన్నారు. అన్నయ్య తల ఎత్తి నన్ను చూశాడు. మళ్లీ దించుకున్నాడు. ఆ మాట మీద ఇంకో మాట లేదు.

కానీ అంతకు ముందు రోజే డాక్టరు నన్ను గదిలోకి పిలిచి చెప్పాడు. ఈ జబ్బు ఎప్పటిదో, ఎక్కడున్నా ఇంతే, ఎవరూ చేయగలిగింది లేదని. అది నా చెవుల్లో ఉంది. ఉండగానే అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఏడుపు రావాల్సిన చోట ఆ మాట వచ్చింది.

కాబట్టి జూలై ఏడున చెప్పింది నా మొదటి తప్పుడు రీడింగ్ కాదు.

ఆగస్టు 4, ఆదివారం

11.9. చెప్పింది 12.6. ఐదో వారం.

ఆగస్టు 6, మంగళవారం

11.8. గ్యాస్ అలారం పచ్చ దీపం వెలగడం లేదు, మినుకుతోంది.

ఆగస్టు 10, శనివారం

11.6. సాయంత్రం కారవాన్లో కూర్చున్నాను. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. సూది కింద దారం ఇంకా ఉంది, నీలం రంగు.

మా ఆవిడ టీ తెచ్చి మెట్టు మీద పెట్టింది. లోపలికి రాలేదు. రేపు ఆదివారం అంది.

ఆగస్టు 11, ఆదివారం

పది గంటలకి ఫోన్ మోగింది. ఎంత అన్నాడు.

"పదకొండు పాయింట్ ఆరు. ఐదు వారాలుగా నీకు చెప్పింది అబద్ధం. ప్యానెల్‌ని నేనే తోమి పాడుచేశాను."

అవతల లారీ ఒకటి వెళ్లింది. పెట్టేస్తాడేమోనని గబగబా అన్నాను.

"ఆ రోజు హాల్లో నేనన్నది కూడా అబద్ధమే అన్నయ్యా. డాక్టరు ముందు రోజే నాకు చెప్పాడు. తెలిసే అన్నాను."

అన్నయ్య ఫోన్ పెట్టేశాడు.

మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని బల్ల మీద పెట్టింది. అన్నం తిందువు రా అంది. అప్పటికి పదీ పావు. ఆ వేళప్పుడు ఎవరూ అన్నం తినరు. వెళ్లి తిన్నాను.

ఆగస్టు 18, ఆదివారం

11.5. ఫోన్ రాలేదు. పన్నెండు దాకా కూర్చున్నాను.

ఆగస్టు 21, బుధవారం

మనమే ఫోన్ చేద్దాం అంది మా ఆవిడ. నేను వద్దన్నాను. తర్వాత తను పెరట్లోకి వెళ్లి చేసింది. ఎత్తలేదట.

ఆగస్టు 25, ఆదివారం

11.4. ఫోన్ రాలేదు.

ఆగస్టు 29, గురువారం

తొమ్మిదింటికి జీపు చప్పుడైంది. మా ఆవిడ నాకంటే ముందు వీధిలోకి వెళ్లి జీపు వైపు కాదు, దాని వెనక చూసింది. తుక్కువాడి లారీ వస్తుందేమోనని. రాలేదు. జీపు వెనక సీట్లో అట్టపెట్టె. కొత్త ప్యానెల్.

అన్నయ్య బాగా చిక్కాడు. నేరుగా షెడ్డుకి వెళ్లి పాత ప్యానెల్ చేతిలోకి తీసుకున్నాడు. ఎండకి ఎత్తి, వంచి చూశాడు.

"పాలక్యాను అనుకున్నావుట్రా?"

అవును అన్నాను. ఇంకేం చెప్పను.

ముందు పాత ప్యానెల్ వైరు విప్పాడు, తర్వాత బ్యాటరీ. విప్పేటప్పుడు ఏది ముందో నాకు చూపించి మరీ చేశాడు. బ్యాటరీని ఇద్దరం చెరో పక్క పట్టుకుని జీపులో పెట్టి యాసిడ్ షాపుకి తీసుకెళ్లాం. చార్జరు పెట్టొద్దని నువ్వే రాశావు కదా అన్నాను. నేను రాసిందే, నేనే కొట్టేస్తాను అన్నాడు. నెమ్మదిగా ఎక్కించాలి, రెండు రోజులు పడుతుంది, ఒక సెల్ బలహీనంగా ఉంది కానీ ప్రాణం పోలేదు అన్నాడు యాసిడ్.

మధ్యాహ్నం ఇంట్లోకి వచ్చాడు. హాల్లో అదే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వద్దు, కుర్చీలో కూర్చోండి బావగారూ అని మా ఆవిడ రెండుసార్లు అంది. ఇక్కడే బాగుందమ్మాయ్ అన్నాడు.

భోజనాలయ్యాక మా ఆవిడే అడిగింది. ఇన్ని వారాలు తప్పు అంకె చెప్తుంటే మీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా అని. రెండో వారమే తెలిసింది అన్నాడు. వారం రోజుల వానలో ఏ బ్యాటరీ పన్నెండు పాయింట్ ఆరు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడదట. మరి అడగలేదేం అంది. అడిగితే వీడు ఫోన్ ఎత్తడం మానేస్తాడు అన్నాడు.

తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు.

"డాక్టరు నాకూ చెప్పాడురా. నమ్మలేదు. నీ మాటే నమ్మాను. నువ్వు రీడింగ్ తప్పు చెప్పవు కదా."

నేను ఖాళీ కంచంలో మెతుకులు ఒక పక్కకి జరిపాను.

"జూలైలో తెలిసింది, నువ్వూ తప్పు చెప్పగలవని. ఆ రోజు బాగా నిద్రపట్టింది. మిగతాది కూడా నీ నోటితో చెప్తావని చూశాను. చెప్పావు. విన్నాక రెండు వారాలు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు."

మా ఆవిడ కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపు నీళ్ల చప్పుడే వినబడింది.

ఆగస్టు 31, శనివారం

బ్యాటరీ వచ్చింది. 12.5. బిగించాం. బ్యాటరీ ముందు, ప్యానెల్ తర్వాత. పచ్చ దీపం నిలకడగా వెలిగింది. కొత్త ప్యానెల్ మీద ఉన్నది గాజు. అన్నయ్య నాకు ఒక మెత్తటి గుడ్డ ఇచ్చి, నెలకి ఒక్కసారి అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, గుడ్డ కూడా వెనక్కి తీసుకున్నాడు.

రాత్రి కారవాన్లోనే పడుకుంటానన్నాడు.

సెప్టెంబరు 3, మంగళవారం

అన్నయ్య కారవాన్ తగిలించుకుని వెళ్లిపోయాడు. దక్షిణం వైపు మోటార్ల పని ఉందట. కుట్టుమిషన్‌ని మా ఆవిడకి ఇచ్చాడు. నీలం దారం తీయొద్దు అన్నాడట. మా ఆవిడ తీయలేదు. నలుపు దారం కావాల్సినవి చేత్తో కుట్టుకుంటానంది.

మేకుకున్న కాగితం అలాగే ఉంది. చార్జరు వద్దన్న వాక్యం మీద అడ్డంగా గీత.

సెప్టెంబరు 8, ఆదివారం

పది గంటలకి ఫోన్ మోగింది. నేను ఎంత అని అడిగాను.

దక్షిణాన ఐదు రోజులుగా ఎండ లేదు, ముసురు అని పొద్దున రేడియోలో చెప్పారు. ఫోన్‌లో కూడా రేకు మీద వాన చప్పుడు వినబడుతూనే ఉంది.

పన్నెండు పాయింట్ ఆరు అన్నాడు.

సరే అన్నాను. గడిలో అదే రాశాను.